పచ్చలైటు వెలిగాక

మేనేజరు గదిలోకి అడుగుపెట్టేసరికే టీచరమ్మకి ఒళ్ళు మండిపోతోంది. పక్కన చెల్లెలు, కుడిచెయ్యి మోచేతి దాకా కట్టుతో. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో చెల్లెలిది ఎనిమిదేళ్ళ ఉద్యోగం. అది నిలవాలంటే బల్ల మీదున్న కాగితం కింద సంతకం పెట్టాలట.

"దుప్పట్లు పిండే మిషను తిరుగుతుండగా నా అజాగ్రత్తవల్ల చెయ్యి పెట్టాను" అని ముందే టైపు చేసి ఉంచారు. ఎడమచేత్తో పెట్టినా చెల్లుతుందని మేనేజరు మహా దయగా చెప్పాడు.

"పచ్చలైటు వెలిగాకే మూత తీశానండీ," అంది చెల్లెలు.

"పచ్చలైటు వెలిగిందంటే మిషను ఆగినట్టే కదమ్మా! స్విచ్చి ఆపిన నలభై సెకన్లకి మూత తాళం వదులుతుంది, లైటు వెలుగుతుంది. ఆ నలభై నేనే గడియారం పట్టుకుని చూసి మరీ పెట్టించాను."

"లోపల ఏం వేసి చూశారు?" అని అడిగింది టీచరమ్మ.

"ఏం వేస్తామండీ? ఖాళీ డ్రమ్మే."

పదహారేళ్ళుగా పిల్లలకి భౌతికశాస్త్రం చెబుతున్న మనిషికి చిర్రెత్తుకొచ్చింది. ఖాళీ డ్రమ్మట! ఈ పెద్దమనిషి ఇంట్లో ఖాళీ కంచం ముందు కూర్చుని కడుపు నిండిందంటాడా?

"లేవండి. మిషను దగ్గరికి పదండి," అంది.

తడి పిండే మిషను మనిషి నడుమెత్తున ఉంది. టీచరమ్మ చెప్పగా పనివాళ్ళు ఇరవై తడి దుప్పట్లు అందులో కుక్కి మూత వేశారు. డ్రమ్ము వేగం అందుకున్నాక ఆమే స్విచ్చి ఆపింది. మేనేజరు తన గడియారం చూస్తున్నాడు. సరిగ్గా నలభైకి తాళం టక్కుమంది, పచ్చలైటు వెలిగింది. టీచరమ్మ మూత ఎత్తింది. లోపల దుప్పట్లు డ్రమ్ము గోడకి కరుచుకుని గిర్రున తిరుగుతూనే ఉన్నాయి.

"పచ్చలైటు వెలిగిందిగా. చెయ్యి పెట్టండి," అంది.

మేనేజరు రెండడుగులు వెనక్కి వేశాడు.

"పెట్టండి! తిరిగేదానికి అంచున బరువు పెరిగేకొద్దీ కోణీయ ద్రవ్యవేగం, అంటే ఆ తిరిగే ఊపు, పెరుగుతుంది. బ్రేకేమో అదే పాత బ్రేకు. ఆగడానికి మూడింతల సేపు పడుతుంది. ఇది స్కూలు పిల్లలకి తెలుసు. మీకు తెలీక మా చెల్లి చెయ్యి విరగ్గొట్టారు!"

ఆమె గొంతు హాలంతా మోగింది. ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. మేనేజరు వెంట తెచ్చిన ఆ కాగితాన్ని చేతిలో మడతపెట్టాడు.

"తెలిసినవాళ్ళు ఒక్కరైనా ముందు చెప్పాలి కదండీ. నాకెవరు చెప్పారు?"

"నేను చెప్పాను," అంది చెల్లెలు. "మీకు రెండుసార్లు చెప్పాను. లైటు వెలిగినా తిరుగుతోందండీ అంటే, కళ్ళద్దాలు మార్చుకోమన్నారు. అక్కకీ చెప్పాను."

ఆ చివరి మాట ఆమె కోపంగా అనలేదు. అక్క వైపు చూడనూ లేదు.

టీచరమ్మకి గుర్తుంది. నిరుడు ఫోనులో చెల్లెలు ఆ సంగతి చెబితే, "భలే ఉదాహరణే!" అని సంబరపడింది తను. ఎందుకలా జరుగుతుందో అరగంట వివరించింది. దాని దగ్గరికి వెళ్ళకే అని ఒక్క ముక్క అనలేదు. పైగా ఆ వారమే దాన్ని తరగతికి ఐదు మార్కుల ప్రశ్నగా ఇచ్చింది. బాగా రాసినవాళ్ళని మెచ్చుకుంది కూడా.

ఇందాకటి నుంచి మేనేజరు మీద చూపించిన కోపమంతా ఇప్పుడు తన మీదికే తిరిగింది. అయినా అతని మీద రవ్వంత కూడా తగ్గలేదు. అతని చేతిలోని కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేసింది.

"కొత్తది రాయండి," అంది. "ఖాళీ డ్రమ్ముతో చూశారని రాయండి. ఈమె రెండుసార్లు చెప్పిందని రాయండి. వాళ్ళక్కకి అంతా తెలిసి కూడా పాఠం చెప్పి ఊరుకుందని రాయండి. దాని కింద నేను సంతకం పెడతాను."