హనోరా నిలబడిన సందు

నేను ఒక బొమ్మ పోస్టుకార్డును. నా ముఖం మీద ఐర్లండు పడమటి తీరంలోని కిల్‌వారా అనే చిన్న రేవు ఊరు ఉంది. వీపు మీద ఒక చెల్లెలు తన అక్కకు రాసిన ఆరు వాక్యాలు ఉన్నాయి. ఈ రెండింటిలో ఏది ఎక్కువ పనికొస్తుందో తేలడానికి నాకు ఎనభై ఏళ్లు దాటాల్సివచ్చింది.

నా మీది బొమ్మ తీసినవాడు హ్యూ ట్రేసీ. సైకిలు వెనక ఫొటోలు పడే గాజు పలకల పెట్టె, మూడు కాళ్ల కెమెరా కట్టుకొని ఊరూరా తిరిగేవాడు. కిల్‌వారాలో అందరిలాగే ముందు చర్చిని, తర్వాత కొండ మీది హోటలును తీశాడు. ఒక పలక మిగిలితే రేవు వైపు తిరిగాడు. అక్కడ రెండు ఇళ్ల మధ్య నుంచి సముద్రం దాకా దిగే ఇరుకు సందు ఉంది. దాని మొదట్లో వీపున చేపల బుట్టతో, కాళ్లకు జోళ్లు లేకుండా ఒకావిడ నిలబడి ఉంది. పేరు హనోరా.

"కదలకమ్మా, ఒక్క క్షణం" అన్నాడు ట్రేసీ.

"నీకోసం చేపలు ఆగుతాయా?" అంది హనోరా. అంటూనే ఆగింది. బొమ్మలో ఆవిడ నోరు కాస్త చెదిరి కనిపించేది అందుకే.

నేను అచ్చయింది జర్మనీలో. అక్కడ రంగులు వేసిన కార్మికుడు కిల్‌వారాను కలలోనైనా చూడలేదు. మబ్బు పట్టిన ఆకాశాన్ని నీలం చేశాడు. హనోరా నల్ల శాలువాను ఎర్రగా మార్చాడు. ఉన్నది ఉన్నట్టు చూపిస్తే జనం కొనరని అతని యజమాని నమ్మకం. ఇంత చేసినా నన్ను ఎవరూ కొనలేదు. హోటలుకు వచ్చే దొరసానులకు చర్చి నచ్చేది, కొండ నచ్చేది. చేపల కంపు కొట్టే సందును స్నేహితురాళ్లకు పంపాలని ఎవరికనిపిస్తుంది? పోస్టాఫీసు కిటికీలో రెండేళ్లు ఎండకు వెలిసిపోయాక నా తోటివాళ్లు పొయ్యిలోకి పోయారు. నన్ను మాత్రం డెలియా తీసుకుంది. ఆవిడ హనోరా చిన్నకూతురు.

పెద్దకూతురు అప్పటికే కన్యాస్త్రీ అయి, సిస్టర్ ఆగ్నెస్ అన్న పేరుతో నెల్లూరు దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఆమెకు డెలియా నా వీపు మీద ఇలా రాసింది:

"అక్కా, మంగళవారం అమ్మ పోయింది. బాధ పడలేదు. ఈ బొమ్మలో ఉన్నది అమ్మే. మనమంతా రోజూ చేపలు మోసే సందు మొదట్లో నిలబడింది. ఎర్ర శాలువా అబద్ధం, అది నల్లదని నీకు తెలుసు. మిగిలినదంతా ఉన్నది ఉన్నట్టే ఉంది."

ఓడలో నెల రోజులు ప్రయాణం చేసి నేను ఆసుపత్రి వరండాలో ఆగ్నెస్ చేతిలో పడ్డాను. ఆమె నన్ను రెండుసార్లు చదివింది. లోపల ఎవరికో నొప్పులు వస్తున్నాయి. నన్ను జేబులో పెట్టుకొని కాన్పు గదిలోకి వెళ్లింది. ఆరోజు ఆడపిల్ల పుట్టింది. కన్యాస్త్రీలు సొంత వస్తువులు ఉంచుకోకూడదు. మదర్ సుపీరియర్ నన్ను చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. అలా నేను ప్రార్థన పుస్తకంలో నలభై తొమ్మిదేళ్లు గడిపాను.

ఆగ్నెస్ చివరి రోజుల్లో ఆమెకు సేవ చేసింది సుగుణమణి అనే యువ నర్సు. ఆగ్నెస్ ఆమెకు నన్ను చూపించి, తనకు వచ్చిన నెల్లూరు తెలుగులో చెప్పేది. "ఆ సందులో కాలు జారితే నేరుగా సముద్రంలో పడాల్సిందే, సుగుణా. మా అమ్మ ఒక్కనాడు కూడా జార్లేదు."

పోయేముందు నన్ను సుగుణమణి చేతిలో పెట్టింది. "అమ్మని నీ దగ్గరుంచుకో" అంది.

సుగుణమణి నాకు అద్దం కట్టించి గోడకు తగిలించింది. ఇంటికి వచ్చినవాళ్లు ఎవరని అడిగితే "మా సిస్టరమ్మ వాళ్లమ్మ" అనేది. అడిగినవాళ్లు నమస్కారం పెట్టి వెళ్లేవాళ్లు. బతికుండగా హనోరాకు ఇంత మర్యాద ఎవరూ చేసి ఉండరు.

సుగుణమణి రిటైరైన తర్వాతి సంవత్సరం, మిషన్ నుంచి ఫాదర్ జోజప్ప ఒక ఉత్తరం పట్టుకొచ్చాడు. రాసింది కిల్‌వారా బడిలో టీచరు ఊనా డెవానీ. ఊరి చరిత్ర కోసం పాత కార్డులు పోగుచేయడం ఆమె అలవాటు. నగరం నుంచి వచ్చిన ఒకాయన సందుకు రెండు పక్కలా ఉన్న ఇళ్లు కొని, మధ్యలో గోడ కట్టేశాడట. అక్కడ దారి అనేదే ఎప్పుడూ లేదని కోర్టులో వాదిస్తున్నాడట. ఊనా దగ్గరున్న కార్డులన్నీ చర్చివీ హోటలువీ. డెలియా ఇంట్లో ఒక పాత ఉత్తరం దొరికితే, అందులో ఆగ్నెస్ "సందు మొదట్లో అమ్మ నిలబడిన బొమ్మ చేరింది" అని రాసిందట. ఆ బొమ్మ ఇంకా ఉందా అని అడుగుతోంది.

"జిరాక్సు తీసి పంపండి" అంది సుగుణమణి.

"జిరాక్సు కోర్టులో చెల్లదంట, సుగుణమ్మా. అసలుదే కావాలంట."

"నేనియ్యను. ఆయమ్మ నాకు అప్పజెప్పి పోయింది. వాళ్ల గోడకీ నాకూ ఏంది సంబంధం?"

ఫాదర్ బలవంతపెట్టలేదు. ఉత్తరంలో మిగిలిన భాగం మాత్రం చదివాడు. గోడ కట్టిన శీతాకాలంలో రేవు దగ్గర పడవ బోల్తాపడి, ఒక జాలరి కాలు పడవకూ బండకూ మధ్య నలిగిందట. మనిషి బతికాడు, కాలు తీసేశారు.

"ఆస్పత్రికి ఎంతసేపట్లో తీసకపోయినారు?" అని అడిగింది సుగుణమణి. నలభై ఏళ్లు వార్డుల్లో తిరిగిన మనిషి.

"గోడుంది గదా. హోటలు చుట్టూ తిరిగి మోసకపోయేసరికి అరగంట పైన పట్టిందంట."

ఆమె స్టూలు వేసుకొని, నన్ను గోడ మీంచి దింపింది. అద్దం విప్పి, తడి లేని గుడ్డతో తుడిచి, రెండు అట్టల మధ్య పెట్టి కుట్టింది. గాయానికి కుట్లు వేసినట్టే వేసింది, దగ్గర దగ్గరగా.

ఐర్లండు కోర్టులో గోడ యజమాని తరఫు లాయరు నన్ను వెలుతురుకు పెట్టి చూశాడు. అతను తెలివైనవాడు. "అయ్యా, ఇది ఫొటో కాదు, రంగులు పూసిన బొమ్మ. ఆకాశం పూశారు, శాలువా పూశారు. సందును మాత్రం పూయలేదని ఎవరు చెప్పగలరు?" అన్నాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఊనా లేచి నిలబడింది.

"దయచేసి వెనక్కి తిప్పండి" అంది ఆమె.

జడ్జి తిప్పి, పైకి చదివాడు. శాలువా అబద్ధమన్న మాట దగ్గర కొంచెం ఆగాడు. చివరి వాక్యం రెండోసారి చదివాడు. తీర్పులో ఇలా రాశాడు: "తల్లి పోయిన వారంలో ఒక కూతురు తన అక్కకు సందు గురించి అబద్ధం రాసి ఉంటుందని నేను అనుకోను."

గోడ కూలగొట్టడానికి ఒక పూట పట్టింది. ఊళ్లోవాళ్లు అంత సంతోషించినట్టేమీ కనబడలేదు. సందులో బురద ఎక్కువైందని తిట్టుకుంటూ నడిచారు. మనుషులు పోరాడి తెచ్చుకున్నదాన్ని రెండో రోజే మామూలు చేసుకుంటారు.

నన్ను లైబ్రరీలో అద్దాల పెట్టెలో పెట్టారు. తిరిగి పంపమంటారా అని ఊనా సుగుణమణికి రాసింది. జవాబు ఫాదర్ ఇంగ్లీషులోకి మార్చి పంపాడు. ఊనా దాన్ని లైబ్రరీలో పైకి చదివింది. "ఆమెను మీ దగ్గరే ఉంచండి. అక్కడ ఆమెకు చలి అలవాటే. ఒక్కటి మాత్రం రాయండి. ఆ సందులో ఇప్పుడు ఎవరెవరు నడుస్తున్నారు? పేర్లతో రాయండి."

మరుసటి శనివారం ఊనా నోటు పుస్తకంతో సందు చివర రాతి మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంది. తర్వాత నా పెట్టె పక్క బల్ల దగ్గరే శుద్ధప్రతి రాయసాగింది. పదకొండు పేర్లు వరసగా పడ్డాయి. పన్నెండో దగ్గర కలం ఆగిపోయింది. పన్నెండో మనిషి రోజూ కనబడే ఆడమనిషే, బడి వెనక వీధిలోనే ఉంటుంది. పోయినవాళ్ల పేర్లు ముప్పై ఏళ్లుగా వెతుకుతున్న ఊనాకు ఈమె పేరు తెలియదు.

కోటు తొడుక్కొని బయటికి వెళ్లింది. అరగంట తర్వాత వచ్చి, నిలబడే రాసింది: "నాన్సీ ఫోలన్. గోడ ఉన్నన్నాళ్లు తప్ప, ఇరవై రెండేళ్లుగా ఈ దారినే పోతోంది."