యాభై అయిదు దాటకముందే

బార్ మీద నలభై ఎనిమిది కిలోలు ఉన్నప్పుడే చెప్పేద్దామనుకుంది ఓకైలే. యాభైకి పెరిగినప్పుడూ అనుకుంది. తెర వెనక గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, గోడకున్న టీవీలో ఆ అంకె ఎక్కడం చూస్తోంది.

ఆఫ్రికా దేశాల పిల్లల పోటీలు ఈసారి అక్రాలోనే పెట్టారు. సొంత ఊరి పిల్ల, పదహారేళ్ళది, బరువులెత్తుతోందంటే ఆమె పేట జేమ్స్‌టౌన్ నించి రెండు బస్సుల జనం వచ్చారు. వాళ్ళ డప్పుల మోత గోడ దాటి వచ్చి ఆమె కడుపులో మోగుతోంది.

ఈ ఆటలో బార్ బరువు పెరుగుతుందే తప్ప ఒక్క కిలో కూడా దిగదు. తక్కువ అడిగినవాళ్ళు ముందు వెళ్ళాలి, ఎక్కువ అడిగినవాళ్ళు తర్వాత. ఓకైలే కార్డు మీద అరవై మూడు అని ఉంది. అది అబద్ధం మీద నిలబడిన అంకె అని ఆ గదిలో ఇద్దరికే తెలుసు.

ఎనిమిది నెలల కింద, స్నాచ్‌లో, అంటే ఒక్క ఊపులో, అరవై ఎనిమిది కిలోలు నెత్తి మీదికి లాగినప్పుడు ఆమె కుడి మోచెయ్యి కీలు తప్పింది. నొప్పి అంతగా గుర్తులేదు. చప్పుడు గుర్తుంది, పచ్చి చెరుకు గడ విరిచినట్టు. చెయ్యి నయమైంది, డాక్టరు సరేనన్నాడు. ఆ తర్వాత కోచ్ లాంప్టీ సార్ అత్తగారి అంత్యక్రియల పనుల మీద మూడు వారాలు ఊరెళ్ళాడు. రోజూ సాయంత్రం ఫోను చేసేవాడు.

"స్నాచ్ ఎంత ఎత్తావమ్మా?"

యాభై అయిదు దాటితే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తోందని చెప్పలేక మొదటి రోజు అరవై అంది. ఒకసారి అన్నాక తగ్గించడానికి మొహం చెల్లలేదు. మూడో వారానికి అది డెబ్భై అయింది. సార్ పొంగిపోయి, ఆ డెబ్భైకి, భుజాల దాకా లేపి అక్కణ్ణించి పైకెత్తే రెండో రకంలో ఆమె నిజంగానే ఎత్తిన తొంభై కలిపి, నూట అరవై అని పోటీల కాగితంలో రాసి పంపేశాడు. అలా రాశాక రెండు రకాల్లోనూ మొదట అడిగే బరువులు కలిపితే ఆ నూట అరవై కన్నా ఇరవై కిలోలకి మించి తగ్గకూడదని, అంటే కనీసం నూట నలభై ఉండాలని రూలు. సార్ అరవై మూడు, ఎనభై అని కార్డు నింపాడు. ఆయన తిరిగొచ్చేసరికి పోటీకి నాలుగు రోజులే ఉన్నాయి. చేతులకి విశ్రాంతి అంటూ ఆమెని బార్ ముట్టుకోనివ్వలేదు.

"ఏమే, టీవీలో సినిమా వస్తోందా?" అంది దేదే. ఓకైలేతో కలిసి సాధన చేసే పిల్ల, రెండేళ్ళు పెద్దది. "లే. ఆ సాధన బార్ మీద నలభై అయిదు ఎత్తు."

ఎత్తింది. సుద్దపొడి రాసుకున్నా అరచేతులు చెమటకి జారుతున్నాయి.

దేదే గొంతు తగ్గించింది. "సార్‌కి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"చెప్తానక్కా."

"ఎప్పుడు? నిన్ను స్ట్రెచర్ మీద మోసుకెళ్ళేటప్పుడా? నేను మాత్రం మోయను. పొద్దున నువ్వు వదిలేసిన కెంకీ ముద్ద, చేప అన్నీ నేనే తిన్నా, వంగలేను."

ఓకైలేకి నవ్వు రాలేదు. టీవీలో యాభై రెండు. కామెరూన్ పిల్ల ఎత్తేసింది. యాభై మూడు. మడగాస్కర్ పిల్ల ఎత్తి దించింది. యాభై నాలుగు. ఇంకొక్కరు వెళ్ళొస్తే యాభై అయిదు కూడా దాటిపోతుంది. ఆ తర్వాత నిజం చెప్పినా ఉపయోగం లేదు.

టీవీ కింద నిలబడ్డ కోచ్ దగ్గరికి వెళ్ళి, "సార్," అంది. "నేను డెబ్భై ఎత్తలేదు. అరవై కూడా ఎత్తలేదు."

లాంప్టీ తల తిప్పాడు. "నా మొహం చూసి చెప్పు. ఎంత?"

"యాభై అయిదు."

ఆయన వేళ్ళ మీద లెక్క వేశాడు. "చెంప పగలగొట్టాలనుంది, టైం లేదు. యాభై అయిదుకి దించితే రెండో రకం ఎనభై అయిదుతో మొదలుపెట్టాలి. సరేనా?" జవాబు కోసం ఆగకుండా కార్డుల బల్ల వైపు పరిగెత్తాడు.

"అంత పొట్టతో పరుగా," అంది దేదే, కానీ ఆమె మొహంలోనూ నెత్తురు లేదు.

మైకులో ఓకైలే పేరు పిలిచారు. ఇంకా ఆరేడుగురు అయ్యాక రావలసిన పేరు. నలభై అయిదు మించి ఒళ్ళు వేడెక్కలేదు. ఒక్క నిమిషం గడువు.

వెళ్ళింది. వంగింది. లాగింది. బార్ నుదురు దాటగానే కుడి చెయ్యి తనంతట తనే వెనక్కి వచ్చేసింది. ఇనుము ముందుకి పడి వేదిక అదిరింది. మూడు ఎర్ర దీపాలు. డప్పులు ఆగిపోయాయి.

యాభై అయిదు అడిగినవాళ్ళు ఇంకెవరూ లేరు, మళ్ళీ తన వంతే. రెండు నిమిషాలు. తిడతాడనుకుంటే సార్ తడిగుడ్డతో ఆమె మెడ తుడిచాడు.

"మళ్ళీ తప్పుతుందని భయమా?"

"అవును సార్."

"నాకూ భయమే. కళ్ళతో చూడకుండా కాగితం నింపింది నేను. వెళ్ళనంటే కార్డు మీద నీ పేరు కొట్టేస్తా."

"బయట మనవాళ్ళు..."

"వాళ్ళ సంగతి నేను చూసుకుంటా. చెయ్యి వాళ్ళది కాదుగా."

ఓకైలే అరచేతులకి మళ్ళీ సుద్దపొడి రాసుకుంది. ఇంకా ముప్ఫై సెకన్లే ఉన్నాయని గంట మోగింది. లేచింది. ధైర్యం వచ్చి లేవలేదు. ఇప్పుడు కూచుండిపోతే ఇంకెప్పుడూ బార్ దగ్గరికి పోలేనని ఇంకా పెద్ద భయం వేసింది.

లాగింది. బార్ నుదురు దాటింది. దాని కిందికి దూరి కూచుంది. మోచెయ్యి వణుకుతూ తిన్నగా అయింది. లేచి నిలబడి, ఆ చప్పుడు కోసం ఎదురుచూసింది. రాలేదు. రిఫరీ దించమన్నది కూడా వినపడక అలాగే పట్టుకుని ఉండిపోయింది. దేదే తెర పక్కనించి "దించవే, దించు," అని అరిచాక వదిలింది.

మూడు తెల్ల దీపాలు.

లోపలికొచ్చి కుర్చీలో పడింది. లాంప్టీ ఎదురుగా మోకాళ్ళ మీద కూచుని ఆమె మోచెయ్యి నొక్కి చూశాడు.

"మూడోసారి వద్దు. ఇంక ఎనభై అయిదు ఉంది. నిజం చెప్పు, అది ఎత్తావా?"

"ఎత్తాను. తొంభై కూడా, ఒక్కసారే."

"ఎవరు చూశారు?"

"మీరే సార్. మీరు ఊరెళ్ళే ముందు రోజు."

ఆయనకి గుర్తొచ్చింది. తర్వాత తల ఊపి, దేదేని సాధన బార్‌కి బరువు పళ్ళేలు ఎక్కించమన్నాడు. ఓకైలే మోకాళ్ళకి పట్టీలు చుట్టుకోవడం మొదలుపెట్టింది. బిగువు కుదరక రెండుసార్లు విప్పి మళ్ళీ చుట్టుకోవలసొచ్చింది.