మా ఆవిడకు నేనిచ్చిన శిక్షణ

ఫైర్ సర్వీసు ఉద్యోగానికి పెట్టే దేహదారుఢ్య పరీక్ష మా ఆవిడ రెండుసార్లు తప్పింది. అరవై కిలోల ఇసుక బొమ్మను భుజాన వేసుకుని నిమిషన్నరలో వంద మీటర్లు నడవాలి. రెండుసార్లూ సగం దూరంలోనే కూలబడింది. వయసు లెక్కన ఇంకొక్క అవకాశమే మిగిలింది. అదీ పోతే జీవితాంతం లాండ్రీలో ఇస్త్రీపెట్టె పట్టుకోవాల్సిందే. ఆ సంగతి నోటితో అనలేదు కానీ, రెండోసారి తప్పిన మర్నాడు ఎవరివో రెండు చొక్కాలు మాడ్చింది.

లోపం మనసులో ఉందని నేను ఇట్టే కనిపెట్టాను. కళ్లజోళ్ల షాపులో రోజంతా కూర్చునే ఉద్యోగం నాది. మనోబలం మీద నేను చూడని వీడియో లేదు.

"సాధన చెయ్యడానికి అంత బొమ్మ ఎక్కణ్నుంచి తెస్తామండీ?" అంది.

"నేను లేనూ? సరిగ్గా అరవై కిలోలు!" అన్నాను.

అలా కోచ్‌నయ్యాను. రోజూ పొద్దున్నే డాబా మీద నన్ను భుజాన వేసుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేది. తలకిందులుగా వేలాడుతూ కూడా నేను పాఠం ఆపలేదు. "బరువనేది భ్రమ! అలసటనేది ఒట్టి ఆలోచన!" అని ఆవిడ వీపుకు బోధించేవాణ్ని.

"కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి బాబూ," అనేది.

"చూశావా, నీలోని బలహీనత మాట్లాడుతోంది," అనేవాణ్ని.

సాధనలో బరువు క్రమంగా పెంచాలట. ఆ బాధ్యతా నా నెత్తినే పడింది. పెళ్లాం కోసం కడుపు మాడ్చుకునేవాళ్లను చూశాం. నేను నింపుకున్నాను. పూటకు నాలుగు గుడ్లు, అరడజను అరటిపళ్లు. ఆరు నెలల్లో డెబ్బై మూడు కిలోలకు చేరాను. మెట్లెక్కుతూ నేను రొప్పుతుంటే, ఆవిడ నీళ్ల క్యాను చంకనెత్తుకుని నన్ను దాటిపోయేది. నా శిక్షణ ఫలిస్తున్నందుకు రొప్పుతూనే మురిసిపోయాను.

పరీక్ష రోజు కంచె బయట నిలబడ్డాను. బొమ్మను ఎత్తి భుజాన వేసుకుని చకచకా నడిచింది. సరిగ్గా సగంలో ఆగిపోయింది. ఆరు నెలలు వాగిన నోరు ఒక్క మాటకైనా పెగల్లేదు. ఆవిడ మెడ తిప్పి బొమ్మ ముఖంలోకి చూసింది. మళ్లీ కదిలింది. గీత దాటేసరికి ఇంకా ఇరవై సెకన్లు మిగిలే ఉన్నాయి.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" అంది అధికారిణి. నేను చొక్కా సర్దుకున్నాను.

"ఎవరి దగ్గరా లేదు మేడమ్. రోజూ మావారిని మోశాను," అంటూ కంచె బయటున్న నన్ను చూపించింది.

అధికారిణి నన్ను ఎగాదిగా చూసింది. "మోస్తుంటే ఊరుకుంటాడా?"

"ఎక్కడ మేడమ్! ఒకటే మాటలు."

"అయితే నువ్వు తట్టుకోగలవు," అని కాగితం మీద సంతకం పెట్టింది.

నాకు ఒళ్లు మండింది. బస్సెక్కాక కోచ్ హోదాలో నిలదీశాను.

"సగంలో ఎందుకాగావ్? కొంప మునిగేది కదా!"



"నవ్వకండి మరి. భుజం మీద మాట వినపడకపోయేసరికి భయమేసిందండీ. మీకేమైనా అయిందేమోనని చూశాను."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. రెండు స్టాపులు దాటాయి. ఆవిడ కంగారుగా నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"ఏమండీ, మాట్లాడరేం?"