రోగి పాత్రలో రత్నమణి

గాజుగుడ్డ చివర మడిచి టేపు అంటించేసరికి మంచం మీది ముసలాయన కళ్ళు తెరిచి, "ఖలాస్?" అని అడిగాడు, అయిపోయిందా అన్నట్టు.

"ఖలాస్, బాబా," అంది రత్నమణి.

ఆయనది సౌదీలోని ఈ ఉనైజా ఊరి పొలిమేరలో ఖర్జూరపు తోట. చక్కెర జబ్బుతో పాదం పుండుపడి పదకొండు రోజులుగా వార్డులోనే ఉన్నాడు. కట్టు విప్పుతుంటే పళ్ళు బిగబట్టి పైకప్పుకేసి చూస్తాడు. ఆ బిగువు సడలి ఊపిరి వదిలేదాకా రత్నమణి చెయ్యి కదపదు. మిగతా సిస్టర్లు అయిదు నిమిషాల్లో ముగించే పని ఆమెకు పావుగంట పడుతుంది. హెడ్ నర్సు ఈ మాట మీద ఎన్నిసార్లో విసుక్కుంది.

రత్నమణికి యాభై మూడేళ్ళు. పొట్టి మనిషి. మందునీళ్ళతో కడిగీ కడిగీ వేళ్ళ సందులు తెల్లగా పొలుసుకట్టాయి. మధ్యాహ్నమయ్యేసరికి ఎడమకాలి మడమ వాచి బూటు బిగుస్తుంది. నరసాపురం పక్క పల్లెలో పుట్టింది. కట్టుకున్న కొర్నేలు పెళ్ళయిన రెండో ఏడే కామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. ఆ తర్వాత ఈ దేశం వచ్చి, ఈ ఆసుపత్రిలో చేరి ఇరవై మూడేళ్ళు.

ఒకప్పుడు ఆమెకూ బయటి దేశాల ఆశ ఉండేది. రెండుసార్లు ఇంగ్లీషు పరీక్ష రాసింది. రెండుసార్లూ రాత పేపర్లో అర మార్కు దగ్గర ఆగిపోయింది. మూడోసారి ఫారం తెచ్చుకుంది గాని నింపలేదు.

ఆమె ఆపేసిన కొన్నేళ్ళకు క్వార్టర్స్‌లోని అమ్మాయిలంతా నర్సుల కోసమే పెట్టిన ఇంకో పరీక్షకు చదవడం మొదలుపెట్టారు. అందులో మాట్లాడే భాగం నాటకంలా ఉంటుంది. అభ్యర్థి చేతికి ఒక కార్డు ఇస్తారు. ఎదురుగా కూర్చున్నామె రోగిగా నటిస్తుంది. అయిదు నిమిషాలు ఆ రోగితో ఇంగ్లీషులో మాట్లాడాలి. బెంగ కనిపెట్టాలి, నచ్చజెప్పాలి. సాధన చెయ్యాలంటే రోగి కావాలి కదా! "అక్కా, కాస్త మీరు పడుకోరా," అని ఎవరో అడిగారు. రత్నమణి పడుకుంది. అప్పట్నుంచీ క్వార్టర్స్ మొత్తానికి ఆమే రోగి. ఆస్తమా ఆవిడ, సూదికి భయపడే గర్భిణి, సిగరెట్టు మాననంటున్న డ్రైవరు, ఏదైనా సరే. పదహారుమంది అమ్మాయిలు ఆమె మంచం పక్కన కూర్చుని మాటలు నేర్చుకున్నారు. పదహారుమందీ వెళ్ళిపోయారు. షైని డబ్లిన్‌లో ఉంది. ఆశా ఎక్కడో చలిదేశంలో ఇల్లు కొనుక్కుంది. వెళ్ళిన కొత్తలో ఫొటోలు పంపేవాళ్ళు. తర్వాత క్రిస్మస్‌కి ఒక మెసేజీ. ఆ తర్వాత అదీ లేదు.

మిగిలింది కెజియా ఒక్కతే. మూడేళ్ళుగా ఇద్దరిదీ ఒకే గది. పాలకొల్లు పిల్ల, గలగలా మాట్లాడుతుంది. నిద్దట్లో కూడా ఏదో ఒకటి అంటుంటుంది. చదవడంలో, రాయడంలో, వినడంలో మంచి మార్కులే. మాట్లాడే దగ్గరే బి రావాల్సింది, రెండుసార్లూ సి ప్లస్ వచ్చింది. రెండోసారి ఫలితం చూసి కెజియా ఏడుస్తుంటే రత్నమణి వీపు నిమిరింది. నిమురుతూనే, ఇంకో ఏడాది ఈ గదిలో మాటలు వినపడతాయి కదా అనుకుంది. ఆ మాట మనసులో మెదిలినందుకు ఆ వారం ప్రార్థనలో కళ్ళు మూసుకోలేకపోయింది.

ఈ శనివారం రియాద్‌లో మూడో పరీక్ష. కెజియా ఇవాళ సాయంత్రమే బయల్దేరుతోంది. పరీక్ష రాసి, అట్నుంచి అటే రెండు నెలల సెలవు మీద ఇంటికి. పాసైతే ఇక ఇటు రాదు. తప్పితే మళ్ళీ ఈ గదికే.

మూడింటికి డ్యూటీ దిగి రత్నమణి గదికి వచ్చేసరికి పెట్టె సర్దేసి ఉంది.

"తిన్నావా?"

"తర్వాత తింటానక్కా. ఒక్కసారి చేసేద్దాం. అయిదున్నరకి బండి వచ్చేస్తుంది," అంటూ కెజియా కార్డు అందించింది.

తుంటి ఎముకకు ఆపరేషన్ అయిన ముసలావిడ. నాలుగో రోజైనా మంచం దిగి నడవనంటోంది. పడిపోతానని భయం. నర్సు నచ్చజెప్పాలి. రత్నమణి బూట్లు విప్పి, మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంది. కెజియా ఫోన్లో అయిదు నిమిషాలు పెట్టింది.

"మీరెందుకు నడవనంటున్నారో చెబుతారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

పడిపోతానని భయమమ్మా, అనాలి. కార్డులో అదే ఉంది. రత్నమణి పైన తిరుగుతున్న ఫ్యాను చూసింది. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నడిస్తే ఇంటికి పంపించేస్తారు. ఇంట్లో ఎవరూ లేరు."

"ఐ అండర్‌స్టాండ్ హౌ యు ఫీల్," అంది కెజియా ఠక్కున. అదే ఊపులో వాకర్ ఎలా పట్టుకోవాలో, రోజుకు ఎన్ని అడుగులు వెయ్యాలో, నడవకపోతే కాళ్ళలో రక్తం ఎలా గడ్డకడుతుందో వరసగా చెప్పుకుపోయింది. ఒక్క తప్పు లేదు.

రత్నమణి లేచి కూర్చుంది. ఫోను ఆపేసింది.

"నేనేం చెప్పానే?"

"నడవనన్నారు."

"ఎందుకని?"

కెజియా నోరు తెరిచింది. గుర్తు రాలేదు. కార్డు వైపు చూసింది. "పడిపోతారని..."

"నేనలా అన్లేదు." రత్నమణి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వు అడుగుతావు గాని వినవు. నేను నోరు మూసేలోపే నువ్వు తెరుస్తావు. నీ ఇంగ్లీషుకేం, దొరసానిలా మాట్లాడతావు. రెండుసార్లూ పోయింది ఇందుకే."

కెజియా కార్డు మంచం మీద పెట్టేసింది. "మీకెప్పట్నించి తెలుసు?"

"మొదటిసారి పోయిన కాణ్ణించి."

"మరి ఎందుకు చెప్పలేదక్కా?"

కిటికీ అవతల ఏసీ డబ్బా గడగడలాడుతోంది. అబద్ధం చెప్పడానికి వీలుగా చాలా మాటలున్నాయి. నొచ్చుకుంటావని, నేను చెప్పేదేముందిలే అని. రత్నమణి వాటినన్నింటినీ పక్కకు నెట్టింది.

"పాసైతే పోతావు కదా, అందుకని."

కెజియా లేచి స్నానాలగదిలోకి వెళ్ళింది. తలుపు గట్టిగానే పడింది. కుళాయి నీళ్ళు చాలాసేపు పోతూనే ఉన్నాయి. రత్నమణి మంచం మీద అలాగే కూర్చుంది. బండి వచ్చేదాకా ఆ తలుపు తెరుచుకోదనుకుంది. తెరుచుకోకపోయినా తప్పు లేదనీ అనుకుంది.

కుళాయి ఆగింది. కెజియా వచ్చి కుర్చీ దగ్గరగా లాక్కుంది. కనురెప్పలు తడిగా ఉన్నాయి.

"పడుకోండి. మళ్ళీ చేద్దాం."

మళ్ళీ అదే ప్రశ్న. రత్నమణి మళ్ళీ అదే జవాబు చెప్పింది. ఈసారి కెజియా పెదవులు కదిలాయి, ఆగిపోయాయి. ఒళ్ళో వేళ్ళు పెనవేసుకుని ఎదురుచూసింది. గదిలో అంత నిశ్శబ్దం ఆ పిల్ల ఉండగా ఎప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దాన్ని రత్నమణే భరించలేకపోయింది.

"ఎవరుండేవాళ్ళు ఇంట్లో?" అని మెల్లగా అడిగింది కెజియా.

రత్నమణి ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది. కొర్నేలు కామెర్లతో మంచాన ఉన్నప్పుడు చెరకురసం అడిగాడనీ, బజారుకెళ్ళి తెచ్చేలోపు పోయాడనీ చెప్పింది. ఆ రసం ఏం చెయ్యాలో తెలియక గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయానని చెప్పబోతే ఇంగ్లీషు చాల్లేదు. మిగతాది తెలుగులో అంది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి. ఎవరూ అడగనూ లేదు. కెజియా వింది. చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది. నాడి చూసినట్టు కాదు, ఊరికే.

ఫోను మోగింది. అయిదు నిమిషాలు అయిపోయాయి. నడక సంగతి ఎత్తనే లేదు.

"ఇలాగైతే వాళ్ళు మార్కులెయ్యరు," అంది రత్నమణి దుప్పటి కొసతో మొహం తుడుచుకుంటూ. "విను, కానీ టైము చూసుకో. ఇంకోసారి కానీ."

మూడోసారి కెజియా వింది, ఆగింది, నాలుగున్నర నిమిషాల్లో ముసలావిడని మంచం దింపింది కూడా.

అయిదున్నరకి బండి వచ్చింది. కెజియా వంగి ఆమె భుజం మీద తల ఆనించింది. "తిన్లేదు కదే," అంటూ రత్నమణి రెండు చపాతీలు చుట్టి చేతిలో పెట్టింది. పెట్టె చక్రాల చప్పుడు వరండా పొడుగునా వెళ్ళి, మలుపు దగ్గర ఆగిపోయింది.

ఇరవై రోజుల తర్వాత ఫలితం వచ్చింది. స్పీకింగ్‌లో బి. ఫొటో కింద కెజియా ఒకే మాట రాసింది: "ఆగానక్కా." తర్వాత ఇంకో మెసేజీలో, నా సామాన్లు ఎవరికైనా ఇచ్చెయ్యండి, అంది.

దుప్పటీ, బకెట్టూ, పుస్తకాలూ రత్నమణి వరండా ఊడ్చే బీబీజాన్‌కి ఇచ్చేసింది. రెండో మంచం మీది పరుపు చుట్టి గోడకు నిలబెట్టింది. కిటికీ తెర పక్కకు లాగేసరికి కెజియా ఊచకు ఆరేసి మర్చిపోయిన డ్యూటీ మేజోడు కనపడింది. ఒక్కటే, తెల్లది. ఉనైజా ఎండకు అప్పడంలా ఎండిపోయి, పాదం ఆకారంలోనే బిగుసుకుని ఉంది.