ఆరున్నర పాఠం

ఆమె చెప్పుల పట్టీ విప్పుకోకముందే వంటింట్లోంచి అత్తగారి కేక వినిపించింది. "అమ్మాయ్, ఆరూ ఇరవై ఐదయింది! వాడు అప్పుడే గొట్టం పట్టుకుని కూర్చున్నాడు."

ఏడో నెల పొట్టతో వంగి చెప్పులు విప్పుకోవడం చిన్న పనేం కాదు. ముందు గోడ పట్టుకోవాలి, తర్వాత ఊపిరి బిగబట్టాలి, తర్వాత ఏ కాలు ముందో తేల్చుకోవాలి. పట్టీ విప్పాక కూడా దాని అచ్చు పాదం మీద అలాగే ఉండిపోయింది. వేలితో నొక్కితే గుంట పడింది. ఆ గుంట పూడటానికి ఎంతసేపు పడుతుందో చూడాలని ఆమె నాలుగు రోజులుగా అనుకుంటోంది గానీ, చూసేంత తీరిక దొరకలేదు.

గొట్టం అంటే మరేం కాదు, అట్ట గొట్టం. ఆమె భర్త ఆఫీసుల్లో ఉద్యోగులకు శిక్షణ తరగతులు చెప్తాడు. గోడకు తగిలించే చార్టులు అందులో చుట్టి తీసుకెళ్లేవాడు. ఏడో నెల రాగానే చార్టులు బీరువా మీదికి, గొట్టం ఆమె పొట్ట మీదికి చేరాయి. ఒక కొన పొట్టకు ఆనించి, రెండో కొనలో నోరు పెట్టి ఆయన పదమూడో ఎక్కం చెప్తాడు. కడుపులో ఉండగానే లెక్కలు చెవిన పడితే పుట్టాక తిరుగుండదని ఏదో వీడియోలో చూశాడట. ఒక వీడియోతో ఆగితే ఆయన శిక్షకుడెందుకవుతాడు? ఆరున్నరకు పియానో, పొట్టకు హెడ్‌ఫోన్లు సాగదీసి తగిలించి పది నిమిషాలు. తర్వాత టార్చిలైటు, కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి. తర్వాత ఎక్కాలు. తర్వాత ఒక శాస్త్రవేత్త జీవితం. ఆ పైన నాయనమ్మ చెప్పే మంచి మాటలు. చివరి గడి పేరు 'అమ్మ గొంతు', పదిహేను నిమిషాలు. జరిగినవాటికి ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో టిక్కు, జరగనివాటికి ఎర్ర ఇంటూ. ఆ టైంటేబుల్ ఫ్రిజ్ తలుపంతా పరుచుకుంది. దాని అడుగున రెండు నియమాలు. ఒకటి, పాఠం జరుగుతుండగా ఎవరూ మధ్యలో మాట్లాడకూడదు. రెండు, పొట్టకు వినపడేలా చెడ్డ మాట ఏదీ అనకూడదు.

ఆ రెండో నియమం ఎంత గట్టిదో ఆమెకు మొదటి రోజే తెలిసింది. "నడుం లాగేస్తోందండీ" అని అందో లేదో, భర్త పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. "ష్! వాడు వింటాడు." వాడే అని ఆయనకెవరు చెప్పారో ఆమె అడగలేదు. నడుం నొప్పి చెడ్డ మాట. నిద్ర చాలలేదనడం చెడ్డ మాట. మధ్యాహ్నం గిన్నెలు ఇంకా సింకులోనే ఉన్నాయేమిటనడం మరీ చెడ్డ మాట. "అలాంటివి బిడ్డ మనసులో నాటుకుపోతాయమ్మా" అంది అత్తగారు, మోకాళ్ళకు మందు రాసుకుంటూ. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో ఆమె అనదగ్గ మాటలు 'ఆ', 'సరే', 'వడ్డించేశాను' అన్న మూడింటికి వచ్చాయి. ఆమెతో మాట్లాడేవాళ్ళు కూడా ఆమెతో మాట్లాడటం మానేశారు. భర్త ఆఫీసు నుంచి రాగానే వంగి, "ఏం ఛాంపియన్, ఎలా గడిచింది రోజు?" అనేవాడు. రోజు గడిపిన మనిషి పైన నిలబడి ఉండేది.

ఆమె గొంతు అమ్ముకుని బతికే మనిషి. బస్టాండులో అద్దాల గదిలో కూర్చుని, మైకులో ఏ నంబరు బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొచ్చిందో, ఏది ఎంత ఆలస్యమో ఎనిమిది గంటలు చెప్తుంది. వీపు ఆనించుకునే వీలులేని స్టూలు. బాత్రూముకు లేస్తే ఇన్‌ఛార్జి గడియారం చూస్తాడు. "ఈ రెండు నిమిషాల్లో బస్సొస్తే ఎవరు చెప్తారమ్మా? నువ్వు కడుపుతో ఉన్నావని బస్సులు ఆగుతాయా?" అని ఆయన అన్నప్పుడు పక్క గదిలో టికెట్ల వాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకో మాట అంటాడని ఆమెకు తెలుసు. ఆ రోజంతా తన నవ్వు మీద తనకే ఒళ్ళు మండింది.

పోయిన నెల ఆస్పత్రిలో నర్సు బీపీ చూసి, మళ్ళీ చూసి, కాళ్ళు నొక్కి చూసింది. "డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళగానే గంటసేపు ఎడమ పక్కకి తిరిగి పడుకో. వెల్లకిలా మాత్రం వద్దు. ఈ వాపు ఇంకా పెరిగితే, కళ్ళు తిరిగితే వెంటనే వచ్చెయ్. ఇది తేలిగ్గా తీసుకునేది కాదు" అంది. భర్త పక్కనే ఉన్నాడు. "సిస్టర్, పియానో మంచిదా, ఫ్లూటు మంచిదా?" అని అడిగాడు. నర్సు ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి, చెప్పిందంతా చీటీ మీద రాసి ఆమె చేతికిచ్చింది. ఆమె దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. మూడో రోజున దాని మీదికి టైంటేబుల్ వచ్చింది. ఆ గంటా పాఠాలకు పోయింది. పైగా హెడ్‌ఫోన్లు జారకుండా, టార్చి వెలుగు పక్కకు పోకుండా వెల్లకిలా పడుకోవాలి.

ఆ సాయంత్రం కూడా పడుకుంది. పియానో అయింది. టార్చి కుడి నుంచి ఎడమకు వెళ్తుండగా గది పైకప్పు మెల్లగా వాలినట్టనిపించింది. నుదుటి మీద చల్లటి చెమట.

"కాసేపు పక్కకి తిరుగుతానండీ" అంది.

"ఇంకెంత, నాలుగు నిమిషాలు" అన్నాడు భర్త, టార్చి మీంచి చూపు తిప్పకుండా. తర్వాత గొట్టంలోకి, "ఛాంపియన్, కాస్త ఓపిక పట్టమని అమ్మకి చెప్పు" అన్నాడు.

ఆమె చెప్పి చూసింది, విని చూసింది. ఇక అడగకుండానే పక్కకి తిరిగింది. హెడ్‌ఫోన్లు ఊడి కింద పడ్డాయి. ఆయన వాటిని తీసి, తుడిచి, ఫ్రిజ్ వైపు చూసి నిట్టూర్చాడు. "వారం నుంచి నీ గడిలో అన్నీ ఇంటూలే. ఊళ్ళో వాళ్ళందరికీ వినిపించే గొంతు నా బిడ్డకి మాత్రం లేకపోయిందా?"

ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. కళ్ళు తిరగడం తగ్గేదాకా అలాగే ఉండి, మెల్లగా లేచి, దిండుకు ఆనుకుని కూర్చుంది. చెయ్యి చాచింది.

"ఆ గొట్టం ఇలా ఇవ్వండి."

ఆయన ముఖం వెలిగింది. వెంటనే ఇచ్చాడు. ఆకుపచ్చ స్కెచ్ పెన్ను మూత కూడా తీశాడు. అత్తగారు గరిట చేత్తోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె ఒక కొన పొట్టకు ఆనించి, రెండో కొన నోటి దగ్గర పెట్టుకుంది. బస్టాండు గొంతుతో, తొందర లేకుండా, కోపం లేకుండా మొదలుపెట్టింది.

"ఛాంపియన్, ఇది అమ్మ గొంతు. పొద్దున్నుంచీ నువ్వు విన్నదే. ఈ రోజు పాఠం మీ అమ్మ గురించి. మీ అమ్మ ఐదింటికి లేచింది. ముగ్గురికి వంట చేసి రెండు డబ్బాలు సర్దింది. బస్సులో నిలబడి వెళ్ళింది. ఒకాయన నిన్ను చూసి కూడా కిటికీ వైపు తల తిప్పుకున్నాడు. బాత్రూముకు మూడుసార్లు వెళ్ళింది, మూడుసార్లూ మాట పడింది. మధ్యాహ్నం కళ్ళు తిరిగాయి. ఇందాక మళ్ళీ తిరిగాయి."

"అదేంటి, అలాంటివి..." అన్నాడు భర్త.

అత్తగారు గరిట ఎత్తి ఫ్రిజ్ మీది మొదటి నియమం చూపించింది. ఆయన నోరు మూసుకున్నాడు.

"వెల్లకిలా పడుకోవద్దని నర్సు రాసిచ్చింది. ఆ చీటీ మీ నాన్న టైంటేబుల్ కింద ఉంది. మీ నాన్న చెడ్డవాడు కాదు. నీ కోసం పదమూడో ఎక్కం మళ్ళీ బట్టీ పట్టాడు. కానీ నెల రోజుల్లో ఒక్కసారి కూడా నా కాళ్ళు చూడలేదు."

ఇద్దరూ కాళ్ళ వైపు చూశారు. పట్టీ అచ్చులు ఇంకా పోలేదు.

"ప్రకటన. రేపు ఉదయం అమ్మ ఆస్పత్రికి వెళ్తోంది, సెలవు పెట్టి. ఇవాళ్టి నుంచి ఆరున్నర మొదలు ఏడున్నర దాకా ఎడమ పక్కకి తిరిగి పడుకుంటుంది. పియానో లేదు, టార్చి లేదు. ఆ గంటలో నీకు ఒకటే పాఠం. వంటింట్లో మీ నాన్న గిన్నెలు తోముతున్న చప్పుడు. జాగ్రత్తగా విను. పుట్టాక నువ్వు గుర్తుపట్టాల్సిన చప్పుడు అదే."

గొట్టం మంచం మీద పెట్టి లేచింది. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి టైంటేబుల్ ఊడదీసింది. నర్సు చీటీ ఒక మూల నలిగిపోయి ఉంది. దాన్ని చేత్తో సాపుచేసి వచ్చి, ఎడమ పక్కకి తిరిగి పడుకుంది. తర్వాత అత్తగారు ఒక దిండు తెచ్చి ఆమె కాళ్ళ కింద పెట్టింది. గొట్టం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"వీడు కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇలాంటిదొకటి ఉంటే బాగుండేదే అమ్మాయ్" అంది మెల్లగా.

వంటింట్లో కుళాయి తిరిగింది. ఏదో పళ్ళెం జారి సింకులో పడింది. పొట్టలో బిడ్డ కదల్లేదు, నిద్రపోతున్నట్టుంది. ఆమెకు కూడా కళ్ళు మూతలు పడుతున్నాయి. అంతలో వంటింట్లోంచి భర్త గొంతు వినిపించింది. ఛాంపియన్‌ని కాదు, ఆమెనే అడుగుతున్నాడు.

"ఇదిగో, ఈ గిన్నెలకి ఏ పీచు వాడాలి?"

ఆమె కళ్ళు తెరవలేదు.

"పాఠం జరుగుతోందండీ. మధ్యలో మాట్లాడకూడదు."