నిలిచిన ఇటుకల లెక్క

నేను ఒక తూకం గుండును. దారానికి వేలాడుతూ గోడ నిటారుగా లేచిందో, ఒరిగిందో చెప్పే ఇత్తడి ముద్దను. ఒక జమీందారు గారి ఏనుగు మెడలో గంటను కరిగించి నన్ను పోతపోశారు. ఆ ఏనుగు చచ్చేదాకా నన్ను వెతుక్కుంటూ తిరిగిందట. నమ్మకపోతే మీ ఇష్టం. అడుగుదామంటే ఏనుగు లేదు.

నా మొదటి యజమాని నా మాట విని కట్టిన గోడల మీద బల్లులు జారిపడేవి. ఆయన కొడుకు గవరయ్య మేస్త్రి నన్ను తాను తాపీపని నేర్పే శిక్షణ కేంద్రానికి తీసుకెళ్ళాడు. అక్కడ పని నేర్చుకునేవాళ్ళు అడుసుతో గోడ కట్టాలి, సాయంత్రం ఎవరి గోడ వారే పడగొట్టాలి. మర్నాటికి ఇటుకలు కావాలి కదా.

మొదటి వారం మేస్త్రి చేతనైనంత కట్టమన్నాడు. అందరికీ మోకాలెత్తు వరకే చేతనైంది. రెండో వారం ఆఫీసరు వచ్చి సుద్దతో రాశాడు: రోజుకు రెండు వందల ఇటుకలు. పరీక్షనాడు అన్ని పెట్టినవారికే మేస్త్రి కార్డు. ఆ అంకె చూశాక మనుషుల చేతులకు రెక్కలొచ్చాయి, కళ్ళు పోయాయి. నన్ను వేలాడదీస్తే పొద్దుపోతుందని సిమెంటు సంచి కింద దాచేశారు. రెండు వందలు పెట్టిన మొహాల్లోనూ వెలుగు లేదు. తోస్తే పడే గోడను చూసి ఎవరు మురుస్తారు?

సన్యాసమ్మ ఒక్కతే నన్ను వెతికి తీసింది. ఇరవై ఏళ్ళు మేస్త్రీలకు ఇటుకలు మోసిన మనిషి. కార్డు వస్తే చేతికి తాపీ, రాకపోతే మళ్ళీ నెత్తికి తట్ట. రోజూ పొద్దున్నే బొగ్గుతో తన లెక్క తనే గీసుకునేది: ఇవాళ నలభై, ఒక్కటీ ఒరగకూడదు. మర్నాడు యాభై. గీత అందుకున్న సాయంత్రం తన గోడ చుట్టూ ఒకసారి తిరిగి, పాట తీసేది. పక్క గోడ సింహాద్రికి అది వేళాకోళం.

"పెళ్ళికూతురికి జడేస్తన్నావేటి పిన్నీ, గోడ కడతన్నావేటి?"

పరీక్షనాడు సింహాద్రి రెండు వందల పది పెట్టాడు. సన్యాసమ్మ గీసుకున్నది నూట అరవై, పెట్టిందీ నూట అరవై. ఆఫీసరు ఆమె పేరు కొట్టేయబోయాడు. ఆమె నన్ను తెచ్చి అతని కాగితాల మీద పెట్టింది.

"ఏసినవి కాదు బావూ, నిలిసినవి లెక్కెట్టండి."

మేస్త్రి నవ్వు దాచుకుని నా దారం పట్టాడు. ఒరిగిన వరుసలన్నీ ఊడదీయించాడు. సింహాద్రికి అరవై ఎనిమిది మిగిలాయి. సన్యాసమ్మ గోడకు ఒక్కటీ ఊడలేదు. తప్పు గుండుదేమోనని ఆఫీసరు మూడుసార్లు వేయించాడు. ఏనుగు మెడలో ఊగినదాన్ని, ఆఫీసరుకు వంగుతానా?

నిలిచిన లెక్కలో సన్యాసమ్మదే పైచేయి. ఆమెకు కార్డు రాయక తప్పలేదు. సాయంత్రం గోడ పడగొట్టమన్నారు.

"నాను పడగొట్టను. కావలిస్తే మీరు తొయ్యండి."

ఆఫీసరు తోశాడు. అతని చొక్కాకు అడుసు అంటింది గాని గోడ కదలలేదు. ఆ రోజే మేస్త్రి నన్ను సన్యాసమ్మ చేతిలో పెట్టాడు.

ఇప్పుడు నా పనికి ఎర్రదీపంతో గీత గీసే యంత్రాలొచ్చాయి. పాత సామాన్లవాడు వీధిలోకి వచ్చినప్పుడల్లా గుమ్మంలోంచి నన్ను చూసి, ఇత్తడి ఎంత తూగుతుందో అంచనా కడతాడు. కట్టుకోనీ. సన్యాసమ్మ కట్టుకున్న ఇంట్లో, ఆమె లేపిన గోడకు వేలాడుతున్నాను. నన్ను కరిగించాలంటే ముందు ఈ గోడ పడాలి.

రండి, తోసి చూడండి.