కల జారకుండా

నాగదుర్గ కొరమీను తోక పట్టుకుని నేలకేసి కొట్టింది. అది ఇంకా గింజుకుంటోంది. అరచేతులకు బూడిద రాసుకుని, జారకుండా అదిమిపట్టి, కత్తిపీట మీద తల తెగేసింది. నెత్తురు మోచేతి దాకా చిమ్మింది. కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ నరసాపురం చేపల బజార్లో ఇదే పని. కుడిచేతి చిటికెనవేలు వంకర. అది చేప చేసిన పని కాదు, మొగుడు పల్లంరాజు చేసింది.

పల్లంరాజుకు వేటకెళ్లడానికి బద్ధకం గానీ, పెళ్లాన్ని తన్నడానికి ఏనాడూ బద్ధకం లేదు. తాగి కాలవలో పడి పోయాడు. పోయాక కూడా డ్యూటీ మానలేదు. ఆమెకు కునుకు పడితే చాలు, తెడ్డు పట్టుకుని హాజరు. జుట్టు పట్టి ఈడుస్తాడు, డొక్కలో తంతాడు. అది కలేనని నాగదుర్గకు కలలోనే తెలుసు. ఒక్క దెబ్బ, తిరిగి ఒక్కటంటే ఒక్క దెబ్బ కొట్టాలి. చెయ్యెత్తేసరికి మెలకువ వచ్చేస్తుంది. రాకపోతే, ఆమె మూలుగు విని పక్కన చేపలమ్మే నూకరత్నం కుదిపి లేపేస్తుంది.

మధ్యాహ్నం గోదారి దాటించి సఖినేటిపల్లి చేర్చే పంటు ఎక్కి, పాతచీర చుట్ట తలకింద పెట్టుకుని బల్లమీద చేరబడుతూ నాగదుర్గ చెప్పింది.

"నిన్న కలలో చేతులకి బూడిద రాసుకున్నానే రత్నం. కొరమీనుకి రాసుకున్నట్టే. కల కాసేపు జారలేదు. ఇయ్యాల నన్ను లేపకు."

"సచ్చినోడితో కూడా కాపరమేంటొదినా? తోడుకి మా ఆయన్ని కూడా పంపనా, నా బాకీ కూడా తీర్చేద్దువుగాని?"

"నవ్వు. లేపేవంటే మాత్రం నీ గంప గోదాట్లో పారేస్తా."

కునుకు పట్టగానే పల్లంరాజు రానే వచ్చాడు. తెడ్డు భుజం మీద దిగింది. కిందపడిన నాగదుర్గ పొయ్యిలో చెయ్యిపెట్టి బూడిద తీసి రుద్దుకుంది. మసకబారుతున్న గోడలు మళ్లీ గట్టిపడ్డాయి. రెండో దెబ్బ పడేలోపు అతని మణికట్టు దొరకబుచ్చుకుంది. జారలేదు. మెలితిప్పితే ఎముక పుటుక్కుమంది. తెడ్డు లాక్కుని మూతిమీద కొట్టింది. పళ్లు రాలాయి. మెలకువ రాలేదు. ఇంకోటి కొట్టింది. అప్పుడే రొమ్ము కింద ఏదో గట్టిగా పట్టేసింది. అది కలలో నొప్పి కాదని తెలుస్తూనే ఉంది. కళ్లు తెరిస్తే ఎవరో ఒకరు ఆదుకుంటారు. తెరవలేదు. ఇంకాస్త బూడిద తీసుకుంది.

పంటులో ఆమె కాళ్లు తన్నుకున్నాయి. ఎదురుగా కూర్చున్న పెద్దాయన లేపమన్నాడు. నూకరత్నం చెయ్యి అడ్డుపెట్టి, మొగుణ్ని ఉతుకుతోందండి, మధ్యలో ఆపితే పాపమండి అని చుట్టూ ఉన్నవాళ్లని నవ్వించింది.

రేవు వచ్చింది. బైకులు దిగాయి, జనం దిగారు. అప్పుడు భుజం పట్టి కుదిపితే నాగదుర్గ తల పక్కకు వాలిపోయింది. ఊపిరి లేదు. బిగిసిన గుప్పెట్లు ఎవరూ విప్పలేకపోయారు. నలుగురు మోసుకుని దిగితే, నూకరత్నం వెనకాలే నడిచింది.

పంటు మళ్లీ నరసాపురం వైపు తిరిగింది. గంప కింద నెత్తిన పెట్టుకునే పాతచీర చుట్ట బల్లమీదే ఉండిపోయింది, ఆమె తల ఆనిన గుంట ఇంకా చెదరకుండా.